డబ్బాలకి తలస్నానం

మామగారికి ఒకటే పిచ్చి. ఇంట్లో మనుషులు స్నానం చేయకపోయినా ఆయనకి ఫర్వాలేదు గాని, ప్లాస్టిక్ డబ్బా మాత్రం స్నానం చేయకుండా గడప దాటకూడదు.

పెరుగు డబ్బా, పాల కవరు, నూనె సీసా, చివరికి చిటికెన వేలంత షాంపూ పొట్లమైనా సరే, కడిగి, తుడిచి, ఆరబెట్టి గాని రీసైక్లింగ్ బండి ఎక్కించేవారు కాదు. పుస్తకాలు బైండింగ్ చేసి రిటైరయిన మనిషి కనుక, పాల కవర్లని పేజీల్లా చదును చేసి పాత ప్రెస్సులో బిగించేవారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు మొదటిరోజు దండెం మీద భర్త చొక్కాల మధ్య క్లిప్పులు పెట్టుకుని వేలాడుతున్న పాల కవర్లని చూసి, వీటిని ఈ ఇంట్లో ఎవరు తొడుక్కుంటారబ్బా అనుకుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అపార్ట్‌మెంట్‌లో మనిషికి రోజుకో బకెట్ అని తేల్చారు. ఇంక మామగారి పిచ్చి తగ్గుతుందని అందరూ ఆశపడ్డారు. తగ్గలేదు సరికదా, ముదిరింది.

"తాగే నీళ్లకే దిక్కు లేదు, డబ్బాలకి స్నానాలేమిటండీ?" అని మెట్ల మీద నిలదీశాడు అపార్ట్‌మెంట్ సెక్రటరీ.

"మంచినీళ్లు చుక్క ముట్టుకుంటే ఒట్టు. అన్నీ వాడేసిన నీళ్లే."

"అసలు కడగడం దేనికి? చెత్తలో పారేస్తే పోయేదానికి?"

"పోదు. దానితో వచ్చిన చిక్కే అది. కరువు ఎప్పటికైనా పోతుంది, డబ్బా పోదు."

సెక్రటరీ మోటారు చూసొస్తానని వెళ్లిపోయాడు. జవాబు తోచనప్పుడల్లా ఆయన చూసేది మోటారునే.

వాడేసిన నీళ్ల కోసం మామగారు పిల్లిలా మాటు వేసేవారు. ఇంట్లో ఎవరు చేతులు కడుక్కున్నా కింద ఆయన టబ్బు సిద్ధం. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు గ్లాసులో సగం నీళ్లు వదిలేస్తే, "ఇంక తాగరు కదా?" అని అడిగి, వాళ్ల కళ్లముందే అందులో సాస్ పొట్లం జాడించేవారు. వాళ్లు మళ్లీ ఆ ఇంటి ఛాయలకి రాలేదు. "చూశావా, దానివల్ల కూడా నీళ్లు మిగిలాయి," అని భార్యతో అనేవారు మామగారు.

"పెళ్లైన కొత్తలో నన్నే ఇంత శ్రద్ధగా చూసుకోలేదమ్మా," అని కోడలితో అనేవారు అత్తగారు. "ఆ పెరుగు డబ్బా పెట్టి పుట్టింది."

కోడలి బాధ వేరు. ఆమెది నడుం దాటిన జుట్టు. ఆమె పనిచేసే కళ్లద్దాల షాపుకి వచ్చినవాళ్లు కొత్త అద్దాలు పెట్టుకుని మొదట మెచ్చుకునేది ఆ జడనే. ఒక్క బకెట్‌తో ఒళ్లు తడుస్తుంది గాని, ఆ జుట్టు తడవదు. రానురాను జడ కొబ్బరిపీచులా తయారైంది. కొత్త కోడలు, ఎవరి వాటా అడుగుతుంది?

"ఆదివారం వెళ్లి మెడదాకా కత్తిరించేసుకుంటాను," అంది భోజనాల దగ్గర, ఉల్లిపాయలు తరగడం గురించి చెప్పినంత తేలిగ్గా.

"నీ ఇష్టం," అన్నాడు భర్త.

"జుట్టుకేముంది, పెరుగుతుంది," అన్నారు అత్తగారు.

మామగారు పెరుగు డబ్బా అడుగు చెంచాతో గీకుతున్నారు.

తర్వాత అద్దం ముందు జడ కొస పట్టుకుని నిలబడితే, పెంచుకున్న పిల్లిని ఎవరికో ఇచ్చేస్తున్నట్టనిపించింది కోడలికి.

ఆదివారం పొద్దున్నే మామగారు బాత్రూం గుమ్మానికి అడ్డంగా టబ్బు పెట్టుకుని కూర్చున్నారు.

"అమ్మాయ్, నూనె డబ్బాలు మొండికేశాయి. వాటికి షాంపూ నీళ్లు కావాలి. నువ్వు తలస్నానం చేసి ఆ నీళ్లు ఇందులో పట్టివ్వాలి."

"ఒక్క బకెట్‌తో తల ఎలా అవుతుంది మామయ్యగారూ?"

"నాది కూడా తీసుకో."

"మరి మీ స్నానం?"

"నేనేమన్నా ప్లాస్టిక్‌నా, కడిగి పంపడానికి?"

"కాదండీ, ఇవాళ జుట్టు..."

"జుట్టు కత్తిరిస్తే నురగ ఎక్కణ్ణించి వస్తుంది? నా డబ్బాల గతేం కాను? కరువు తీరేదాకా కత్తెర మాట ఎత్తకు."

పిచ్చి నడినెత్తికెక్కిందనుకుంది కోడలు. కాని పక్కపక్కన రెండు నిండు బకెట్లు చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజునించీ అదే తంతు. మామగారు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని సరిపెట్టుకునేవారు. ఆయన లిఫ్టు ఎక్కితే మిగతావాళ్లు ఆరోగ్యానికి మంచిదని మెట్లెక్కేవారు.

ఒక సాయంత్రం ఆ లిఫ్టు దగ్గరే సెక్రటరీ కోడల్ని ఆపాడు.

"మీరైనా చెప్పండమ్మా ఆయనకి, స్నానం చేయమని. రీసైక్లింగ్ ఫ్యాక్టరీని ప్లాస్టిక్ కడగడానికి నీళ్లు లేక మూసేశారు. బండి రావడం మానేసి నెల దాటింది. ఆయనకి చెప్తే, ఈ మాట మా ఇంట్లో అనకండి అన్నారు. మీవాళ్లు కాబట్టి మీరు ఓర్చుకుంటున్నారు, మా ముక్కుల సంగతేమిటి?"

కోడలు పైకొచ్చింది. బాల్కనీలో మామగారు నూనె డబ్బా తోముతున్నారు. మూత దగ్గర చిన్న సొట్ట ఉన్న డబ్బా. పోయిన వారం తోమిందీ అదే, అంతకుముందు తోమిందీ అదే. అద్దంలా మెరిసిపోతోంది. కోడలి అడుగుల చప్పుడు వినగానే ఆయన, "అబ్బ, ఏం జిడ్డురా నీది," అని దాన్ని విసుక్కుంటూ ఇంకా గట్టిగా తోమారు.

మర్నాడు పొద్దున్నే కోడలు వంటింట్లోకి వెళ్లి, వేలితో కాస్త నూనె తీసి ఆ డబ్బాకి లోపలా బయటా పులిమి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మళ్లీ జిడ్డు మామయ్యగారూ. నా షాంపూ నీళ్లు దీనికి పనిచేయడం లేదు."

ఆయన డబ్బాని అటూ ఇటూ తిప్పారు. అది నిజంగానే జిడ్డోడుతోంది.

"దీనికి ఒంటి సబ్బు నీళ్లు కూడా కావాలిట. ఒకరోజు షాంపూ, ఒకరోజు సబ్బు. ఇవాళ సబ్బు వంతు. రెండు బకెట్లూ మీరే పోసుకోవాలి."

"ఎవరు చెప్పారు?"

"మీ డబ్బాయే."

ఆయన కోడలి మొహంలోకి చూశారు. ఆమె తల వంచుకుని శ్రద్ధగా జడ చిక్కు తీసుకుంటోంది. ఆయన, "డబ్బా చెప్పాక తప్పుతుందా," అంటూ తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి నడిచారు.

వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న అత్తగారు నిట్టూర్చారు.

"ఇన్నాళ్లూ ఈ ఇంట్లో పిచ్చి ఒక్కరికే అనుకున్నాను."