జమీందారుగారు చదివిన పుస్తకాలు

రాజోలు దగ్గర, ఆనకట్ట కట్టిన కాలంనాటి జమీందారుగారి మేడని మ్యూజియం చేశారంటే నిన్న వెళ్ళాను. పుస్తకాల గదిలో అదే ఎండు వేపాకు వాసన. మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడు మా నాన్న ఆ మేడ పెరట్లో కొబ్బరికాయలు వలుస్తుంటే నేను ఆ గది కిటికీ పట్టుకుని నిలబడేవాణ్ణి. ఒక్క పుస్తకం ఇమ్మని అడిగితే జమీందారుగారి మునిమనవడు నవ్వాడు.

"మా ముత్తాతగారు అన్నీ చదివేసేర్రా. నువ్వు కాయలు వలువు, చాలు."

ఆ ముత్తాత మీద పంతంతోనే జీవితమంతా చదివాను.

నిన్న బతిమాలితే అక్కడి ఉద్యోగి అమ్మాయి బీరువా తెరిచింది. ఆ కాలపు పుస్తకాల్లో పుటలు అంచుల దగ్గర కలిసి ఉంటాయి, కత్తితో కోసుకుని చదవాలి. తీసిచూసిన ఏ పుస్తకంలోనూ ఒక్క పుటా కోసి లేదు.

"ఎంత జాగ్రత్తగా చదివేరో చూడండి మాస్టారూ!" అంది.

"ఆయ్" అన్నాను.

అరవై ఏళ్ళు నేను పోటీపడింది, పుస్తకం తెరవని మనిషితో.