రంగు కింద గీత

గాజువాక పైడయ్యకి తన కారు మీద నమ్మకం లేదు, మెకానిక్కుల మీద అసలే లేదు. ఉప్పుగాలికి తుప్పెక్కిన ఆ బండిని ఎక్కడైనా వాలు చూసుకునే ఆపుతాడు, మొరాయిస్తే దొర్లించి స్టార్టు చెయ్యొచ్చని. రిపేరుకి ఇచ్చే ప్రతి సామాను మీదా, మార్చేస్తే పట్టుకోడానికి, మేకుతో ఒక గీత గీస్తాడు. అతనికి మిగిలింది స్టీలుప్లాంటు షిఫ్టు మనుషుల్ని దింపే కిరాయి ఒక్కటే. రేపు బండి రాకపోతే అదీ ఇంకొకడికి పోతుంది.

మొన్న కంచరపాలెం మెకానిక్కు చందు, బండిని స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు చచ్చిపోయిందని ఊడదీసి ఉంచేసుకున్నాడు. ఇవాళ కొత్తదంటూ నల్లగా మెరుస్తున్న మోటారు తెచ్చాడు. పైడయ్య గోటితో రంగు గీకాడు. కింద తన గీత కనిపించింది.

"ఇదేటి సందూ?"

"కొత్తదే బావా! డబ్బా ఇప్పింది నానే."

"డబ్బాలో నా గీత ఎవుడు గీసినాడ్రా? నా సచ్చిన మోటారుకి రంగేసి నాకే అంటగడతన్నావా?"

చందు సిగ్గుపడలేదు. "కంపెనీవోడు ఈ మోడలు మానీసాడు. ఊరంతా తిరిగినా నీకు దొరికేది నీదే. లోపల బాగుసేసినాన్లే. బిగించీమంటావా?"

పైడయ్య మోటారుని నేలకేసి కొట్టడానికి తలమీదికి ఎత్తాడు. పగిలితే రేపు, వాలు లేని ప్లాంటు గేటు దగ్గర ఆగిన బండి మళ్ళీ కదలదు. పళ్ళు కొరుకుతూ దించాడు. జేబులోంచి మేకు తీసి, పాత గీత పక్కనే, ఇనుము కీచుమనేలా రెండో గీత గీశాడు.

"బిగించు," అన్నాడు.