ఐదు తిప్పు, రెండు ఆపు

పొద్దున్నే పక్క వాటాలో ఎవరిదో మిక్సీ కాలింది. వార్నిషు కమురు వాసన ముక్కుకు తగలగానే కోటబొమ్మాళిలో దానియేలు బాబాయి రిపేరు షాపు కళ్లముందుకొచ్చింది. ఐటీఐ పాసై, ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను మోటార్లు చుట్టే పనిలో పెట్టుకున్న మనిషి ఆయన. "ఆడపిల్లకి ఈ పనేటి?" అని ఎవరైనా అంటే, "వైరుకి ఆడా మగా తెల్దు" అనేవారు.

మిక్సీ మోటారు ఫ్యానులా తెల్లవార్లూ తిరిగేది కాదు. వేగం ఎక్కువ, ఓపిక తక్కువ. ఐదు నిమిషాలు తిరిగితే రెండు నిమిషాలు చల్లారాలి. ఆ సంగతి అడుగున రేకు మీద ఇంగ్లీషులో ఉంటుంది, ఎవరూ చూడరు. అందుకని బాగుచేసిన ప్రతి మిక్సీకీ ఆ ముక్క తెలుగులో రాసి అంటించేదాన్ని. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని నాకు కాస్త గర్వం కూడాను.

ఇడ్లీపిండి అమ్ముకుని బతికే వరాలమ్మ ఒకరోజు మూడోసారి కాలిన మిక్సీ పట్టుకొచ్చింది. పిండి ఆడకపోతే ఆవిడకు పూట గడవదు. అది తెలిసీ నాకు ఒళ్లు మండింది.

"రాసి అంటించాం కదా! తప్పు నీదే," అన్నాను.

ఆవిడ తలొంచుకుంది. బాబాయి చేతిలో పని ఆపి నావైపు చూశారు.

"రాసేవులే. ఆవిడికి సదువొచ్చో రాదో అడిగేవా?"

అడగలేదు. మూడుసార్లు వచ్చిన మనిషిని ఒక్కసారీ అడగలేదు.

ఆ సాయంత్రమే బాబాయి నాచేత మోటారు చుట్టించి, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. గడియారం ఊసే ఎత్తలేదు. "వరాలక్కా, నువ్వెలా రుబ్బుతావో సూపించు," అంటూ గుమ్మంలో కూర్చున్నారు. ఆవిడ పప్పంతా ముందే కడిగి పెట్టుకుని, వాయి తర్వాత వాయి ఏకబిగిన వేస్తోంది. ఆయన నవ్వారు.

"పప్పు ఒకేపాలి కడిగీకు. రెండు వాయిలు అయ్యాక ఆపు. పిండి గిన్నెలోకెత్తి, అప్పుడు మిగతా పప్పు కడుగు. కడగడం అయ్యేదాకా స్విచ్చి ముట్టుకోకు."

"ఇంతేనా!" అంది వరాలమ్మ. "ఇలా ముందే సెప్తే ఎందుకు కాల్సుకుంటాను తమ్ముడూ!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మిక్సీ మళ్లీ మా షాపు గుమ్మం తొక్కలేదు.

బాబాయి ఇప్పుడు లేరు. నేను శ్రీకాకుళంలో ఐటీఐ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పాఠం అయ్యాక, వెనక బెంచీలో నోరు మెదపని పిల్లను లేపి, "నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పమ్మా," అంటాను. ఆ పిల్ల చెప్పలేకపోతే, ఆ రోజు తప్పింది నేనే.