ఏడాది ముందుకెళ్లిన లాప్‌టాప్

నిరుడు విజయవాడలో ఉన్న అక్క దగ్గరికి బయలుదేరాను. సరిగ్గా ఆ రోజే ఉదయం పదకొండుకి నాకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పడింది. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఎనిమిదేళ్లకు వచ్చిన మొదటి పిలుపు అది. రైలు పన్నెండుకి కాబట్టి విశాఖపట్నం స్టేషన్ వెయిటింగ్ హాల్లోనే కూర్చుని లాప్‌టాప్ తెరిచాను.

ఫోన్ నెట్ నత్తలా పాకుతోంది. స్టేషన్ వైఫై వెంటనే కలిసింది గానీ, ఫోన్ నంబరు కొట్టాల్సిన పేజీ తెరుచుకోదే! ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని వస్తోంది. వైఫై ఆపి మళ్లీ పెట్టాను, లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. అదే పాట. ఫోన్‌లో చూస్తే పదకొండు కావడానికి ఆరు నిమిషాలే ఉంది.

పక్క కుర్చీలో, తగరపువలస నుంచి వచ్చానని చెప్పిన పెద్దావిడ ఇందాకటినుంచీ నా స్క్రీన్‌లోకే తొంగిచూస్తోంది.

“ఇదేటమ్మా, నీ డబ్బా ఒచ్చే ఏడాది సూపిత్తంది?” అంది, మూలనున్న తేదీ మీద వేలు పెట్టి.

నిజమే! స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే మా ఆయన, బస్సు తప్పిపోకుండా కూర్మన్నపాలెంలోని మా ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుకి పెడతారు. ముందురోజు నా లాప్‌టాప్‌కీ అలాగే పెట్టబోయి, సంవత్సరాన్ని కూడా ముందుకి తోసేశారు. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు తెరుచుకోవని నాకు అప్పుడే తెలిసింది. సరిచేయగానే పేజీ వచ్చింది. రెండు నిమిషాల ముందే ఇంటర్వ్యూలో ఉన్నాను.

రైలెక్కాక ఆయనకి ఫోన్ చేసి అడిగితే, “నువ్వు లేటవకూడదనే గదే అలాగెట్టినాను!” అన్నారు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు లాప్‌టాప్ మొరాయిస్తే నేను మొదట చూసేది తేదీ వంక. ఆ తర్వాత, మా ఆయన వంక.