జాతర నాడు తీసిన లెక్క

గీతలు గీయడం నా ఉద్యోగం, గీత దాటకపోవడం నా స్వభావం. కరీంనగర్ శివారులో మా ఇంటికి దగ్గరగా పోయే బజారు రోడ్డును ‘అందరి రోడ్డు’గా మార్చాలని పైనుంచి మాట వచ్చినప్పుడు, నక్షా గీసే పని నాకే పడింది. నడిచేవాళ్లకు ఫుట్‌పాత్, సైకిళ్లకు విడిగా దారి, బస్సులు ఆగే చోటు, నడుమ డివైడర్. ఇంత విశాలమైన రోడ్డు నా ఇరుకు బుర్రలోంచి వస్తున్నదని నాకే ముచ్చటేసింది.

డివైడర్‌లో జనం దాటేందుకు సందులు ఎక్కడ వదలాలో తేలాలంటే, ఒక రోజంతా రోడ్డు పక్కన కూర్చుని మనుషులను లెక్కపెట్టాలి. నేను మేడారం జాతర నడుస్తున్న గురువారాన్ని ఎంచుకున్నాను. ఊరు ఊరంతా బెల్లం పట్టుకుని అటు పోయింది. రోడ్డు ఖాళీ, పని తేలిక.

మా ఇంజనీరు ఒకసారి అడిగాడు కూడా. “జాతరల ఈడ ఎవలుంటరయా? ఇంకో దినం చేద్దామా?”

“ఫికర్ లేదు సార్, సగటు తీస్తే సరిపోతది” అన్నాను. సగటు మనిషిని నేనే కదా, అదీ ధైర్యం.

బస్టాపుకు ఎదురు వైపున ఒకామె బండి మీద బియ్యప్పిండి సర్వప్పలు కాల్చి అమ్మేది. పత్తి జిన్నింగ్ మిల్లు కూలీలు సాయంత్రం బస్సు దిగి, రోడ్డు దాటి, ఆమె దగ్గరే తినేవాళ్లు. నేనూ తినేవాణ్ని. నా సర్వేలో మాత్రం అక్కడ దాటినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకే సందు రాలేదు, నడుమెత్తు ఇనుప కడ్డీలు వచ్చాయి.

వారం తర్వాత పోతే ఆమె పెనం చల్లగా ఉంది.

“సారూ, దాటాల్నంటే గా పెట్రోల్ బంకు దాక పోయి మర్లి రావాల్నట. ఆకలైనోడు గంత దూరం నడుస్తడా? జరంత సందు ఇడిపియ్యుండ్రి.”

ఆమె తరఫున దరఖాస్తు నేనే రాసిచ్చాను. జవాబూ నా బల్ల మీదికే వచ్చింది: ఈ చోట దాటేవారు లేరు, సర్వే చూడగలరు. సర్వే కింద సంతకం నాది. పోయి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను, ఏ రోజు లెక్క తీశానో కూడా.

ఆమె అట్లకాడ కింద పెట్టింది. “గా దినం మేమంత మేడారం తల్లుల కాడికి పోయినం గద సారూ. మొక్కు చెల్లియ్య పోతే, మనుషులే లేరని రాస్తరా?”

“తప్పయింది.”

“తప్పయితే దిద్దుండ్రి. మా మనుమడు గూడ పలక మీద దిద్దుతడు.”

మళ్లీ లెక్క తీద్దామని ఇంజనీరును అడిగాను. “పనైపోయింది, ఫోటోలు పైకి పోయినయ్. ఇప్పుడు తప్పంటే ఎవల తప్పంటరో చెప్పు?” అన్నాడు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

నెల తిరగకముందే ఆమె బండి ఎత్తేసింది. ఏదో ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతున్నదని విన్నాను.

మొన్న మళ్లీ మనుషుల లెక్క తీయమన్నారు, ఈసారి మామూలు రోజునే. నేనే కూర్చున్నాను. పొద్దుగూకేదాకా ఆ చోట దాటినవాళ్లు ఒక్కరూ లేరు. సంతకం పెట్టాను. ఈసారి నా లెక్కలో తప్పు లేదు.