కచ్చా అన్న మాట

మా డ్రిల్ మాస్టర్ పోయారు. పోయిన శుక్రవారం తెల్లవారేసరికి నారాయణఖేడ్‌లో ఊపిరి వదిలారని, సాయంత్రం నమాజు కాగానే మట్టి చేస్తారని, మనూర్ వైపు వెళ్తున్న బండివాడొకడు మా వాకిట్లో ఎద్దుల్ని ఆపి మరీ చెప్పాడు. నేను నోరు తెరవకముందే మా నాయన అరుగు మీద నుంచి లేచాడు.

"నీ లోపల కచ్చ ఉన్నదని జూసింది గాయనొక్కడే రా. మారాజు పోయిండు. బండి కట్టు," అన్నాడు.

నేను తలెత్తలేకపోయాను. ఇన్నేళ్లుగా మా నాయన ఆ మాట అన్నప్పుడల్లా నాది అదే అవస్థ. ఎందుకో చెబితే తప్ప మా మాస్టర్ ఎలాంటి మనిషో పాఠకులకు తెలియదు.

ఆయన మా తాలూకా బడిలో కసరత్తు చెప్పేవారు. పొట్టిగా, బక్కగా, చెవిలో అత్తరు దూదితో ఉండేవారు. ఆయన ఆడగా చూసినవాళ్లెవరూ లేరు. పేరంతా ఆయన కంటికే. చెడుగుడులో ఎవడు నిలుస్తాడో, ఎవడిది నాలుగు రోజుల ముచ్చటో చూసి చెప్పేవారు. బీదర్ వైపు ఒక జాగీర్దారు, మిగతా జాగీర్దార్లు పహిల్వాన్లను పోషించినట్టు చెడుగుడు జట్టును పోషించేవాడు. అందులో చేరినవాడికి తిండి, బట్ట, అతని దేవిడీ భవంతిలో చోటు. ఊళ్లో వాడి ఇంటికి మర్యాద కూడా పెరిగేది. ఏటా కోతలయ్యాక ఆ జాగీర్దారు కొలువులోని జమేదారు మా బడి ఆట చూడటానికి వచ్చేవాడు. వచ్చి, ఆట కంటే ఎక్కువగా మా మాస్టర్ ముఖమే చూసేవాడు.

మాస్టర్ చూసే తీరు వేరు. కూతకు వచ్చినవాణ్ణి లోకమంతా చూస్తుంటే, ఆయన వాణ్ణి పట్టడానికి కాచుకున్నవాడి మడిమలు చూసేవారు. "చేతులు గప్పాలు కొడ్తయ్ బేటా. మడిమలకు గప్పాలు రావు," అనేవారు. ఎవడైనా గొప్పగా పట్టాడని మేం చప్పట్లు కొడితే ఉలకరు, పలకరు. వాడు పట్టు జారి మట్టిలో పడ్డప్పుడు మాత్రం ముందుకు వంగేవారు. లేచినవాడు మళ్లీ పట్టడానికి గీత దగ్గరికి పోతాడా, బట్టలు దులుపుకుంటాడా అన్నదే ఆయనకు కావాలి.

నేను దులుపుకునేవాణ్ణి. పైగా ఆటలో నాకు చేతులు ముందు పోయేవి, కాళ్లు తీరిగ్గా వచ్చేవి. అందుకని సాయంత్రాలు నా చేతులు వెనక్కి కట్టి, కాళ్లతోనే దారి మూయమని ఉరికించేవారు. ఆయనకు ఎన్నడూ విసుగు రాలేదు. నాకే వచ్చింది.

జమేదారు వచ్చిన రోజున నా తిథి బాగున్నట్టుంది. కూతకు వచ్చినవాణ్ణి వచ్చినట్టు నడుం పట్టి పడేశాను. మైదానమంతా గోల. మా నాయన గొంగడి భుజాన వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు.

"కైసా హై, మాస్టర్?" అని జమేదారు అడిగాడు.

మాస్టర్ నా కాళ్ల వైపు చూసి మెల్లగా, "కచ్చా హై," అన్నారు.

పిల్లవాడు పచ్చివాడు, ఇంకో ఏడు ఆగమని అర్థం. ఉర్దూ బడిలో చదువుతున్నవాణ్ణి, నాకు సూటిగా తగిలింది. మా నాయనకు కచ్చా రోడ్డు తెలుసు గాని, రోడ్డుకు చెప్పే మాట మనిషికీ చెబుతారని తోచలేదు. ఆయనకు వినబడింది తెలుగు కచ్చ. అంటే పంతం, ఓడితే ఊరుకోని గుణం. ఒక్క అంగలో పోయి మాస్టర్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"కచ్చ ఉన్నదా సాబ్! మా అయ్యకుండె గిట్లనే. ఇగ వీనికొచ్చింది!" అని రుమాలు కొంగున కట్టుకొచ్చిన బెల్లం విప్పి పంచడం మొదలుపెట్టాడు. జమేదారు చేతిలోనూ పెట్టాడు. నా తోటివాళ్లు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. కచ్చా అనిపించుకున్న సిగ్గు కంటే, అలా బెల్లం పంచుతున్న మనిషి మా నాయన అయినందుకే ఎక్కువ సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే ఆ సిగ్గుకే సిగ్గేస్తుంది.

మాస్టర్ తన చేతిలోని బెల్లం ముక్కను చూశారు. మా నాయన ముఖం చూశారు. "హౌ పటేలా, కచ్చ ఉంది నీ కొడుకుల," అని తెలుగులో అన్నారు. జమేదారు వైపు తిరిగి, "తీస్కపోండి. జిమ్మేదారీ నాది," అన్నారు. తన కన్ను చెప్పినదాన్ని కాదని ఆయన మాట ఇవ్వడం అదే మొదలు, అదే చివర.

ఆ జాగీరులో దర్గా ఉర్సు నాడు జాగీర్దారు ఎదుట ఆడాను. కూతకు వచ్చినవాడు నా ఎడమ పక్కకు తిరిగాడు. చేతులు చాచాను. కాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. బోర్లా పడి, లేచి, బట్టలు దులుపుకున్నాను. జాగీర్దారు అది చూసి పడీ పడీ నవ్వాడు. మర్నాడే జమేదారు నన్ను తెచ్చి నారాయణఖేడ్ బజారులో దింపి, మా నాయన వింటుండగానే మాస్టర్‌ను నిలేశాడు.

"మొదలు నువ్వే అన్నవ్ కదా మాస్టర్, పోరడు..."

"నా కన్ను తప్పింది," అన్నారు మాస్టర్, అతణ్ణి మాట పూర్తి చేయనివ్వకుండా.

ఆ తర్వాత జమేదారు ఖేడ్‌లో బండి ఆపలేదు. ఫలానావాడు నిలుస్తాడా అని మాస్టర్‌ను అడిగినవాడూ లేడు. మా నాయనే ఆయన్ని వెనకేసుకొచ్చేవాడు. "సాబ్ జూసింది నిజమే. వీని నసీబు మంచిగలేదు," అనేవాడు. నేను ముఖం చెల్లక ఎన్నో రోజులు బడికి పోలేదు. చివరికి ఒకనాడు పోయాను. మాస్టర్ నా చేతులు వెనక్కి కట్టి, "ఉరుకు," అన్నారు.

మొన్న కబరస్తాన్‌లో ఆనాడు నవ్విన నా తోటివాళ్లంతా ఉన్నారు, గడ్డాలు నెరిసి. అందరితోపాటు నేనూ పిడికెడు మట్టి తీసుకుని గుంట మీదికి వంగాను. చెయ్యి ముందు పోయింది. ఒడ్డున పోసిన కొత్త మట్టి కాలి కింద జారి, మోకాలి మీద పడ్డాను. లేచి మళ్లీ మట్టి తీసుకుని వేశాను.

"జూసిండ్రా, పడ్డా ఇడ్వలే!" అన్నాడు మా నాయన కళ్లు తుడుచుకుంటూ. "వీనిల కచ్చ ఉన్నదని సాబ్ ఊకెనే అన్నడా?"

నా తలకాయ వాలిపోయింది. ఆనాడు అందరికంటే ఎక్కువ నవ్వినవాడు మా నాయన పక్కకు వచ్చి భుజం పట్టుకున్నాడు.

"హౌ పెద్దయ్యా. గట్లనే అన్నడు సాబ్. మేమంత ఇన్నం," అన్నాడు.

తిరుగు బండిలో మా నాయన దారి పొడుగునా మాస్టర్ ముచ్చట్లే చెప్పాడు. నేను ఊ కొడుతూ పగ్గాలు పట్టుకు కూర్చున్నాను. పంచెకు, మోకాలికి అంటిన ఆ మట్టిని ఇల్లు చేరేదాకా దులపలేదు.