కాదనని గుర్రం

ఖర్జూరాల వాసన తగిలితే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

తొంభైల్లో ఒమన్‌లోని సీబ్‌లో నాన్న పశువైద్యుడిగా చేసిన గుర్రాలశాలలో ఒక స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రం ఉండేది. పందేల్లో బండి లాగే వయసు దాటాక నీళ్ల పీపాలు లాగేది, చిన్నపిల్లలమైన మమ్మల్ని మోసేది. ఒక్కనాడూ కాలు విదిలించలేదు.

దాన్ని చూసుకునే జగిత్యాల మల్లయ్య అంకుల్ మూడేళ్లుగా సెలవు అడుగుతున్నారు. "మా అర్బాబు ఊరికి పోనిస్తలేడు బిడ్డా" అన్నారొకసారి.

సాయం చేద్దామని ఆ యజమానికి నేనే నా వచ్చీరాని హిందీలో చెప్పాను. "మల్లయ్య అంకుల్ చాలా మంచివారు. ఈ గుర్రంలాగే ఏ పని చెప్పినా కాదనరు."

ఆయన గుర్రం మెడ నిమిరాడు. "తెలుసు పాపా. అందుకే ఇద్దరినీ ఎక్కడికీ పంపను."

నాకది మెప్పులా వినిపించింది. సంబరంగా ఇద్దరికీ చెరో ఖర్జూరం పెట్టాను.

ఇద్దరూ తలొంచుకుని తిన్నారు.